ఫోను ఎక్కడుందో ఎవరికి తెలియాలి? ఇంటర్నెట్ టెలిఫోనీలో రిజిస్ట్రార్, ప్రాక్సీ సర్వర్ల సమీక్ష

నిజామాబాద్ జిల్లా బోధన్ ఎస్టీడీ కోడ్ 08467. ఆ పరిధిలోని ఊళ్లలో ల్యాండ్‌లైన్ ఒక్కటే దిక్కైన రోజుల్లో ఆ కోడ్, దాని వెనక అంకెలు కలిసి ఒక తీగ కొసను చూపేవి. ఎక్స్ఛేంజీలో ఏ జతకు ఏ తీగ కట్టారో, అది ఎవరి గోడ దగ్గర ఆగుతుందో లైన్‌మన్‌కు తెలుసు. నంబరంటే చోటు. ఇల్లు మారితే షిఫ్టింగ్‌కు దరఖాస్తు పెట్టుకోవాల్సిందే.

ఇప్పుడు ఆ పరిధిలోని రుద్రూర్‌కు మాట మూడు దారుల్లో వస్తోంది. ఒకటి జేబులోని 4జీ ఫోను. రెండోది ఫైబర్ పెట్టె వెనక తగిలించిన ల్యాండ్‌లైన్. మూడోది గల్ఫ్ నుంచి వచ్చే యాప్ కాల్. ఈ మూడింట్లోనూ నంబరు చోటును చెప్పదు. ఫోనే ముందుగా తాను ఫలానా చోట ఉన్నానని ఒక సర్వరుకు చెప్పుకోవాలి. ఆ కబురు రాసుకునేది రిజిస్ట్రార్, దాన్ని చూసి కాల్‌ను దారిలో పెట్టేది ప్రాక్సీ. ఈ రెండూ ఎలా కలిసి పనిచేయాలి, వాటి మీద అదుపు ఎవరిది అన్న వాదన పాతికేళ్లుగా సాగుతోంది. మొదట్లో ఇది ఇంజనీర్ల మధ్య మాట. తర్వాత టెలికాం కంపెనీలు, లైసెన్సులిచ్చే ప్రభుత్వాలు, ఫోన్ల తయారీదారులు వచ్చి చేరడంతో చిక్కుపడింది.

తీగ పోయి పేరు వచ్చింది

1984లో ఏర్పడిన ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సీడాట్ రూపొందించిన 128 పోర్టుల గ్రామీణ ఎక్స్ఛేంజీ ఏసీ గది అవసరం లేకుండా పల్లెల్లో నడిచింది. దేశంలో ఊరి ఫోన్ల విస్తరణకు అదే పునాది. దాని లెక్కలో చందాదారుడు అంటే ఒక పోర్టు. మనిషి ఎక్కడున్నాడని వెతకాల్సిన పని ఎక్స్ఛేంజీకి ఎన్నడూ పడలేదు.

ఆ పని ఇంటర్నెట్‌తో పడింది. 1995లో ఇజ్రాయెల్ కంపెనీ వోకల్‌టెక్ కంప్యూటర్ల మధ్య మాట్లాడుకునే సాఫ్ట్‌వేర్‌ను మార్కెట్‌లోకి తెచ్చింది. అయితే డయలప్ మీద కనెక్టయిన ప్రతిసారీ కంప్యూటర్‌కు కొత్త ఐపీ అడ్రసు వస్తుంది. నిన్నటి అడ్రసుకు ఇవాళ చేస్తే ఇంకెవరో పలుకుతారు, లేదా ఎవరూ పలకరు.

దీనికి రెండు జవాబులు వచ్చాయి. 1996లో అంతర్జాతీయ టెలికాం సంఘం హెచ్.323 ప్రమాణాన్ని ఆమోదించింది. అందులో గేట్‌కీపర్ అనే యంత్రం ఫోన్లను నమోదు చేసుకుంటుంది, కాల్‌కు అనుమతీ ఇస్తుంది. ఎక్స్ఛేంజీ అలవాటు నుంచి పుట్టిన ఆలోచన అది. రెండో జవాబు 1999 మార్చిలో వచ్చిన సిప్ (సెషన్ ఇనిషియేషన్ ప్రోటోకాల్). మార్క్ హ్యాండ్లీ, హెన్నింగ్ షుల్జ్‌రిన్, ఈవ్ స్కూలర్, జొనాథన్ రోజెన్‌బర్గ్ రాసిన ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 2543 దానికి తొలి రూపం. ఈమెయిల్, వెబ్ నడిచే తీరులోనే ఫోనునూ నడపాలన్నది వాళ్ల పట్టు. 2002 జూన్‌లో దాన్ని తిరగరాసిన ఆర్‌ఎఫ్‌సీ 3261 నేటికీ మూలగ్రంథం. అదే కాలంలో మొబైల్ ప్రమాణాల సంస్థ 3జీపీపీ తన భవిష్యత్తు నెట్‌వర్కుకు సిప్‌నే ఎంచుకోవడంతో మొగ్గు ఎటో తేలిపోయింది.

రెండు పనులు, నడుమ ఒక పట్టిక

సిప్‌లో ప్రతి వినియోగదారుడికీ ఈమెయిల్ ఐడీ లాంటి శాశ్వత అడ్రసు ఉంటుంది. అది పేరు మాత్రమే. ఆ పేరుగల మనిషి ఈ గంటలో ఏ యంత్రం దగ్గర, ఏ ఐపీ అడ్రసులో దొరుకుతాడన్నది వేరే సంగతి. ఫోను ఆన్ కాగానే రిజిస్టర్ అనే సందేశం పంపుతుంది. ఈ పేరు నాది, నన్ను ఇక్కడ పట్టుకోవచ్చు, ఈ మాట ఇన్ని సెకన్లు చెల్లుతుంది అన్నది అందులోని సారాంశం. పాస్‌వర్డు అడిగే రిజిస్ట్రార్ ఆ మాటను వెంటనే నమ్మదు. 401 జవాబుతో పాటు అప్పటికప్పుడు పుట్టించిన ఒక అక్షరాల గుచ్ఛాన్ని పంపుతుంది. ఫోను దాన్ని పాస్‌వర్డుతో కలిపి గణించి ఫలితాన్ని మాత్రమే తిరిగి పంపుతుంది. పాస్‌వర్డు బయటికి రాదు. లెక్క సరిపోతే 200 జవాబు వస్తుంది, లొకేషన్ పట్టికలో ఒక వరుస చేరుతుంది.

ఇక కాల్ సంగతి. కువైట్‌లో ఉన్న కొడుకు, రుద్రూర్‌లో ఉన్న తల్లి ఒకే సిప్ సేవ వాడుతున్నారనుకుందాం. కొడుకు ఫోను ఇన్వైట్ అనే సందేశాన్ని తన ప్రాక్సీకి ఇస్తుంది. ఇతను మన చందాదారుడేనా అని ప్రాక్సీ 407 జవాబుతో రుజువు అడగవచ్చు. ఆ తర్వాత తల్లి పేరును లొకేషన్ పట్టికలో వెతుకుతుంది. వరుస దొరికితే అందులోని అడ్రసుకు ఇన్వైట్‌ను పంపుతుంది. రెండు వరుసలుంటే, అంటే ఇంటి ఫోను, మొబైల్ యాప్ రెండూ నమోదై ఉంటే, రెంటినీ మోగించగలదు. 180 అంటే అవతల మోగుతోంది, 200 అంటే ఎత్తారు. పేరే లేకపోతే 404, పేరుండి మనిషి దొరక్కపోతే 480. ఎత్తాక మాట ప్రాక్సీ గుండా పోనక్కర్లేదు. రెండు ఫోన్లూ ఒకదానికొకటి నేరుగా ధ్వని పొట్లాలను పంపుకోగలవు.

ఊరు మారినవాడు కొత్త చిరునామాను పోస్టాఫీసులో రాయించడం ఒక పని, ఆ పుస్తకం చూసి జాబు మళ్లించడం ఇంకో పని. రిజిస్ట్రార్ పుస్తకంలో రాస్తుంది, ప్రాక్సీ చదువుతుంది. రెండూ ఒకే కంప్యూటర్లో ఒకే ప్రోగ్రాముగా ఉండొచ్చు, చిన్న సంస్థల్లో చాలావరకు అలాగే ఉంటాయి. అయినా ప్రమాణం వాటిని వేరు పాత్రలుగానే నిలబెట్టింది. లక్షల మంది చందాదారులున్నచోట రాసే యంత్రాలు కొన్ని, చదివే యంత్రాలు ఎక్కువ పెట్టుకోవచ్చు. ఒకటి పడిపోయినా రెండోది నడుస్తుంది.

చాలామంది పట్టించుకోని ఒక నియమం ఇక్కడుంది. ఆర్‌ఎఫ్‌సీ 3261 ప్రకారం నమోదు అనేది వచ్చే కాల్స్ కోసమే. బయటికి చేసే కాల్‌కు అనుమతి ఇవ్వడంలో దానికి పాత్ర లేదు. "మనం చేస్తే పోతది, మనకు మాత్రం రాదు" అనే ఫిర్యాదుకు తరచుగా కారణం ఇదే. నమోదు గడువు తీరింది, ప్రాక్సీతో దారి మాత్రం బాగానే ఉంది. చేసే కాల్ కలుస్తుంది కాబట్టి ఫోను చెడిందని ఇంట్లోవాళ్లకు అనుమానమే రాదు. మొబైల్ కంపెనీలు 4జీ మీద మాటను నడిపే వోల్టీలో ఇది తిరగబడుతుంది. అక్కడ నమోదు కాకుండా మామూలు కాల్ చేయడమూ కుదరదు.

పట్టిక పాతబడినప్పుడు

సిప్ రాసినవాళ్లు ప్రతి ఫోనుకూ సొంత అడ్రసు ఉంటుందని అనుకున్నారు. పల్లెకు చేరిన ఇంటర్నెట్ అలా రాలేదు. ఇంటి రౌటర్ వెనక ఒక లోపలి అడ్రసు, చాలా కనెక్షన్లలో కంపెనీ దగ్గర వందల ఇళ్లకు కలిపి ఒకే బయటి అడ్రసు. ఫోను తన లోపలి అడ్రసును నమోదు చేస్తే ఆ అడ్రసుకు బయటినుంచి ఎవరూ చేరలేరు. పైగా రౌటర్ ఒక్కో సంభాషణకు తెరిచిన సందును కాసేపు మాట లేకపోతే మూసేస్తుంది. ఆ కాసేపు కొన్ని రౌటర్లలో అర నిమిషమే. నమోదు గంటసేపు చెల్లుతుందని పట్టిక నమ్ముతుంటే సందు అర నిమిషంలో మూతపడుతుంది. మిగిలిన యాభై తొమ్మిదిన్నర నిమిషాలు పట్టిక చెప్పేది అబద్ధం.

విరుగుడులు విడతలవారీగా వచ్చాయి. బయటినుంచి తన అడ్రసు ఎలా కనిపిస్తోందో తెలుసుకునే స్టన్ 2003లో వచ్చింది. నేరుగా దారి లేనప్పుడు మాటను మధ్యవర్తి గుండా పంపే టర్న్, ఏ దారి మేలో పరీక్షించి ఎంచుకునే ఐస్ 2010లో ప్రమాణాలయ్యాయి. నమోదుకు నేరుగా సంబంధించింది 2009 నాటి ఆర్‌ఎఫ్‌సీ 5626. ఫోను తెరిచిన కనెక్షన్‌నే పట్టుకుని ప్రాక్సీ తిరుగు కాల్స్‌ను అందులోనే పంపాలని, ఆ కనెక్షన్ చావకుండా ఫోను అప్పుడప్పుడు చిన్న సంకేతం ఇవ్వాలని అది నిర్ణయించింది. ప్రతి ఫోనుకూ మారని గుర్తు ఒకటి పెట్టడంతో, ఐపీ మారాక పాత వరుస చచ్చిన అడ్రసుగా మిగిలిపోయే బాధా తగ్గింది.

ఫైబర్ పెట్టె ఉన్న ఇళ్లలో ఇది కంటికి కనిపిస్తుంది. పెట్టె మీద నెట్ దీపం వేరు, ఫోన్ దీపం వేరు. ఒకే తీగలో మాటకు, నెట్‌కు విడి దారులు ఇస్తారు. నెట్ నిక్షేపంగా నడుస్తూ ఫోన్ దీపం ఆరిపోయిందంటే రిజిస్ట్రార్‌తో మాట కుదరలేదని అర్థం. తీగ తెగిందేమోనని స్తంభాల వెంట తిరిగేకన్నా నమోదు జవాబు ఏమొస్తోందో చూడటం మేలు. పాస్‌వర్డు తేడా ఐతే ఒక రకం జవాబు, దారే లేకపోతే అసలు జవాబుండదు. సొంతంగా రౌటర్ కొనుక్కున్నవాళ్లకు ఇంకో తలనొప్పి ఉంది. సిప్ సందేశాలను సాయం చేయబోయి మధ్యలో మార్చేసే ఏఎల్‌జీ అనే సదుపాయం చాలా రౌటర్లలో ఆన్‌లో ఉంటుంది. దాన్ని ఆపేయగానే కుదుటపడిన ఫోన్లు ఎన్నో.

స్మార్ట్‌ఫోనుతో చిక్కు ఇంకోరకం. బ్యాటరీ కోసం ఫోను యాప్‌లను నిద్రపుచ్చుతుంది, నిద్రపోయిన యాప్ నమోదును తాజా చేయలేదు. 2019లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 8599 దీనికి జవాబు. ఫోను నమోదు సమయంలోనే తన పుష్ నోటిఫికేషన్ గుర్తునూ ఇస్తుంది. కాల్ రాగానే ప్రాక్సీ గూగుల్ లేదా ఆపిల్ ద్వారా ఫోనును తట్టి లేపుతుంది. లేచిన ఫోను మళ్లీ నమోదవుతుంది. అప్పుడు ప్రాక్సీ ఆపి ఉంచిన ఇన్వైట్‌ను వదులుతుంది. రిజిస్ట్రార్, ప్రాక్సీ ఇంత దగ్గరగా కలిసి పనిచేసే ఘట్టం సిప్‌లో మరొకటి లేదు. ఫోను ఎక్కడుందో తెలిసిన మూడో పక్షం ఒకటి ఇక్కడే లోపలికి వచ్చింది.

నాలుగు ధోరణులు

మొదటి ధోరణి సిప్ పుట్టించినవాళ్లది. ప్రాక్సీ సన్నగా ఉండాలి, దారి చూపి పక్కకు తప్పుకోవాలి, తెలివి ఫోనులో ఉండాలి. బెర్లిన్‌లోని ఫ్రాన్‌హోఫర్ ఫోకస్ సంస్థలో రూపొందిన సిప్ ఎక్స్‌ప్రెస్ రౌటర్ ఈ ఆలోచనకు ఆచరణ రూపం. నేటి కమైలియో, ఓపెన్‌సిప్స్ ఆ వంశంవే. ఉచిత సాఫ్ట్‌వేర్ కావడంతో చిన్న కంపెనీలు సైతం పెద్ద సేవలు నడపగలిగాయి. ఇదే కాలంలో మార్క్ స్పెన్సర్ 1999లో మొదలుపెట్టిన ఆస్టరిస్క్ ఇంకో దారి పట్టింది. అది కాల్‌కు రెండు వైపులా తానే నిలబడి రెండు ముక్కలను అతికిస్తుంది. ఆఫీసు ఎక్స్ఛేంజీకి అది అనువు.

రెండో ధోరణి టెలికాం కంపెనీలది. సిప్ మీదే కట్టిన వాళ్ల ఐఎంఎస్ నిర్మాణంలో ప్రాక్సీ పని మూడు చోట్ల పంచారు. ఫోను మొదట కలిసేది ఒకటి, చందాదారుణ్ని ఎవరికి అప్పగించాలో విచారించేది ఒకటి, రిజిస్ట్రార్‌గా ఉంటూ సేవలందించేది ఒకటి. వెనక చందాదారుల మూల పట్టిక. 2016 సెప్టెంబర్ 5న జియో వోల్టీ మీదే వాణిజ్య సేవలు మొదలుపెట్టాక సిప్ అన్న పేరైనా వినని కోట్లాది జనం రోజూ సిప్‌లో నమోదవుతున్నారు. ఈ పద్ధతి బలం నాణ్యత, లెక్క, చట్టానికి జవాబుదారీ. బలహీనత దాని బరువు. కంపెనీ కాదన్నది ఏదీ అందులో సాగదు.

మూడోది సర్వరే వద్దన్న ధోరణి. 2003లో వచ్చిన స్కైప్ చందాదారుల కంప్యూటర్లలోనే కొన్నింటిని సూపర్ నోడ్లుగా వాడి పట్టికను వాటికి పంచింది. 2010 డిసెంబర్‌లో ఆ నోడ్లు పెద్దసంఖ్యలో కూలి సేవ స్తంభించింది. 2012 నాటికి మైక్రోసాఫ్ట్ వాటిని తన సొంత సర్వర్లకు మార్చింది. 2025 మే 5న స్కైప్ మూతపడింది. సిప్‌కు అలాంటి రూపమిచ్చే ప్రయత్నం 2014లో ఆర్‌ఎఫ్‌సీ 6940గా వెలువడింది గానీ వాడుకలో వేళ్లూనలేదు.

నాలుగోది మూసిన యాప్‌ల పద్ధతి. వాట్సాప్ వంటివి బయటి సిప్ సేవలతో మామూలుగా కలవవు. నమోదు, దారి చూపడం అన్న రెండు పనులూ వాటిలోనూ ఉన్నాయి, ఒకే యజమాని చేతిలో ఉన్నాయి. వాడకం సులువు. అవతలివాళ్లు కూడా అదే యాప్‌లో ఉండాలి.

పక్కపక్కన పెట్టి చూస్తే తేడా ఇది. పట్టిక మొదటి పద్ధతిలో ఎవరైనా నడపగల సర్వరులో ఉంటుంది, రెండోదానిలో లైసెన్సున్న కంపెనీ దగ్గర, మూడోదానిలో అందరి దగ్గరా చిల్లరగా, నాలుగోదానిలో ఒక్క ప్రపంచ కంపెనీ దగ్గర. మాట నేరుగా పోవడం, ఖర్చు తగ్గడం, కొత్త సేవలు పుట్టడం అన్న మూడింటిలో మొదటిదే మేలు. బలహీన సిగ్నల్‌లో, నిద్రపోయే ఫోనులో కాల్‌ను చేర్చడంలో నాలుగోది ముందుంది. అత్యవసర కాల్‌కు రెండోదాన్ని మించింది లేదు. తెలివిని ఫోనుకు వదిలేయాలన్న తొలి సిద్ధాంతం బోధన్ పల్లెల రౌటర్ల ముందు నిలవలేదని ఒప్పుకోక తప్పదు. అయినా రాయడాన్ని, చదవడాన్ని విడదీసిన దాని మూల నిర్ణయాన్ని తక్కిన మూడు ధోరణులూ తలోరూపంలో వాడుకున్నాయి. తగవంతా పట్టిక ఎవరిదన్న దగ్గరే.

ప్రభుత్వాలు చూసిన వైపు

నిజామాబాద్ జిల్లాకు ఈ తగవు దూరపు ముచ్చట కాదు. బోధన్ శక్కర్‌నగర్‌లోని నిజాం చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడటానికి ఎంతోముందు నుంచే ఇక్కడివాళ్లు పనికోసం గల్ఫ్ దేశాలకు పోతున్నారు. ఫోను ఖర్చు ఆ ఇళ్లలో నెలసరి లెక్కలోదే.

మన దేశంలో ఇంటర్నెట్ టెలిఫోనీకి తలుపు 2002 ఏప్రిల్‌లో కొద్దిగా తెరిచారు. కంప్యూటర్ల మధ్య మాట్లాడుకోవచ్చు, కంప్యూటర్ నుంచి విదేశీ ఫోనుకు చేయవచ్చు. దేశంలోని మామూలు ఫోన్లకు కలపడం మాత్రం నిషిద్ధం. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2017 అక్టోబర్‌లో సిఫార్సులిచ్చాక, 2018 జూన్‌లో టెలికాం శాఖ లైసెన్సున్న కంపెనీలకు ఆ అనుమతీ ఇచ్చింది. వెంటనే జూలైలో బీఎస్‌ఎన్‌ఎల్ వింగ్స్ పేరుతో సిమ్ లేకుండా యాప్‌లో నడిచే పది అంకెల నంబరు ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఫైబర్ గ్రిడ్, నెలకు 149 రూపాయలకు నెట్, టీవీతో పాటు టెలిఫోనునూ ఇస్తామంది.

గల్ఫ్‌లో ఒక్కో దేశానిది ఒక్కో నీతి. సౌదీ అరేబియా 2017 సెప్టెంబర్‌లో యాప్ కాల్స్ మీద ఆంక్షలు ఎత్తేసింది. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ మాత్రం బోటిమ్ వంటి అనుమతి పొందిన యాప్‌లకే దారి వదిలింది. వాట్సాప్‌లో అక్కడినుంచి మెసేజీ వస్తుంది, కాల్ నిలవదు. నమోదు జరుగుతుంది, పట్టికలో వరుస ఉంటుంది, ఆపేది మాటను మాత్రమే. ఇంటికి ఆన్‌లైన్‌లో కనిపిస్తూ మాటకు అందకపోవడం అందుకే.

నియమాల సందుల్లో సిమ్ బాక్సులు మొలిచాయి. విదేశీ కాల్‌ను ఇంటర్నెట్ మీద మన దేశం దాకా తెచ్చి, డజన్లకొద్దీ సిమ్‌లు గుచ్చిన పెట్టె నుంచి స్థానిక కాల్‌గా మారుస్తారు. దుబాయి నుంచి చేస్తే ఇంట్లో తెలియని దేశీ నంబరు కనిపిస్తుంది. అసలు నంబరునే మార్చి చూపే దొంగ కాల్స్‌ది ఇంకో దారి, దానికి ఒక మూలం సిప్‌లోనే ఉంది. నమోదుకు పాస్‌వర్డు అడిగినా, కాల్‌లో పిలిచేవాడి పేరుగా ఏం రాయాలన్నది సిప్ ఆయా ప్రాక్సీల నమ్మకానికే వదిలేసింది. పేరుకు డిజిటల్ సంతకం పెట్టే ఆర్‌ఎఫ్‌సీ 8224 2018లో వచ్చింది. అమెరికా ఆ దారి పట్టింది. మన టెలికాం శాఖ, విదేశాల నుంచి వస్తూ భారతీయ నంబరుగా కనిపించే దొంగ కాల్స్‌ను సరిహద్దులోనే ఆపే వ్యవస్థను 2024 అక్టోబర్‌లో మొదలుపెట్టింది. ఇది జల్లెడ పట్టడమే, రుజువు అడగడం కాదు.

తేలని సంగతులు

మొదటిది అత్యవసర నంబరు 112. తీగ ఫోను నుంచి చేస్తే ఇల్లు తెలుస్తుంది, మొబైల్ ఐతే టవరు తెలుస్తుంది. యాప్ నంబరు నుంచి చేస్తే రిజిస్ట్రార్‌కు తెలిసేది ఐపీ అడ్రసే. అది రుద్రూర్‌ను చూపకపోవచ్చు, హైదరాబాద్‌లోని కంపెనీ గేట్‌వేను చూపొచ్చు. 2017 సిఫార్సుల్లో ట్రాయ్ ఇలాంటి నంబర్ల నుంచి అత్యవసర కాల్ చేసే సదుపాయాన్ని ప్రోత్సహించాలంది, తప్పనిసరి చేయవద్దంది. చందాదారుడికి పరిమితి చెప్పాలని మాత్రం కోరింది. ఇంట్లో ఉన్న ఒకే ఫోను అదైన కుటుంబానికి అది చాలదు.

రెండోది పట్టిక చరిత్ర. ఏ ఫోను ఏ గంటకు ఏ అడ్రసు నుంచి నమోదైందన్న వరుసలు పోగైతే ఒక మనిషి తిరుగుళ్లన్నీ అందులో ఉంటాయి, అతను ఒక్క కాల్ చేయకపోయినా సరే. కాల్ రికార్డుల మీద జరిగినంత చర్చ నమోదు రికార్డుల మీద జరగలేదు, జరగాలి.

మూడోది తాజా వివాదం, ఈ జిల్లాను నేరుగా తాకేది. 2025 నవంబర్ 28న టెలికాం శాఖ మెసేజింగ్ యాప్‌లకు ఆదేశమిచ్చింది. ఏ నంబరుతో ఖాతా తెరిచారో ఆ సిమ్ ఫోనులో ఉన్నంతకాలమే యాప్ పనిచేయాలి. అమలుకు 90 రోజుల గడువు పెట్టింది. దేశం బయటినుంచి సాగే సైబర్ మోసాలను అరికట్టడం దీని ఉద్దేశం, మోసపోయినవాళ్ల నష్టం నిజమైనదే. అయితే సిప్ పుట్టిందే పేరును చోటు నుంచి విడదీయడానికి. ఈ ఆదేశం ఆ పేరును మళ్లీ ఒక వస్తువుకు కడుతోంది. భారతీయ నంబరు మీద వాట్సాప్ ఉంచుకుని, ఫోనులో గల్ఫ్ సిమ్ వేసుకున్న వలస కార్మికుడికి రెండు సిమ్‌ల ఫోను, రోమింగ్‌లో బతికి ఉండే భారతీయ సిమ్, దానికి ఎప్పటికప్పుడు రీఛార్జి కావాలి. రీఛార్జి అయిపోయి సిమ్ రద్దైతే నంబరు ఇంకొకరికి పోతుంది, దాంతోపాటు పేరూ పోతుంది. మోసగాణ్ని ఆపడానికి నమోదు సమయంలో రుజువు గట్టిగా అడగడం ఒక దారి, సిమ్‌ను నిరంతరం కాపలా పెట్టడం ఇంకో దారి. సిప్ మొదటి దారికి కావలసిన పనిముట్లన్నీ ఇప్పటికే ఇచ్చింది. రెండో దారిలో వలస కుటుంబాలకు మినహాయింపు ఇవ్వాలా, ఇస్తే దాన్ని మోసగాళ్లు వాడుకోకుండా ఎలా చూడాలి అన్నదానికి జవాబు ఆదేశం రాసినవాళ్లే చెప్పాలి.